పక్క చక్రం

“మీటరు ఎక్కువ చూపించింది, కాస్త గాలి తీయించాను. దానికింత రాద్ధాంతం దేనికి వదినా?” అని మరిది మూడోసారి అడిగాడు.

పెద్దకోడలు అన్నది నిజానికి రెండే మాటలు. ఊరంతా తిరిగొచ్చిన కారు టైర్లు వేడిగా ఉంటాయి, అప్పుడు గాలి ఎక్కువే చూపిస్తుంది, తీయకూడదు. చల్లారాక చూసుకుంటే తక్కువైపోయి ఉంటుంది. మిగతాదంతా మరిదే అన్నాడు. గాలి తీసిన పెట్రోలు బంకు కుర్రాడికి ఆమాత్రం తెలియదా అన్నాడు. పెళ్ళికి ముందు నుంచీ బండి నడుపుతున్నానన్నాడు. ఇది విమానం కాదు కదా అని, ఆ మాటకి తనే నవ్వాడు.

“వదిలెయ్యరా. మీ వదినకి ఆఫీసు కుర్చీ చక్రాలు చూసినా గాలి కొట్టాలనిపిస్తుంది,” అన్నాడు పెద్దకొడుకు పేపరులోంచి తలెత్తకుండా.

“నానమ్మ బీపీ కూడా చల్లారాకే చూస్తుంది అమ్మ,” అంది వాళ్ళమ్మాయి ఫోనులోంచి తలెత్తకుండా.

లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వచ్చింది. కారు పాడైందా అని అడిగింది. పాడవలేదని ఇద్దరు కొడుకులూ ఒకేసారి చెప్పారు. అయితే రేపు నన్ను ఎవరు తీసుకెళ్తున్నారని అడిగింది. దానికి పెద్దకొడుకు పేపరు పేజీ తిప్పాడు.

అసలు సంగతి ఆ రేపే. అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుని ఐదు నెలలైంది. ఆపరేషన్ అయింది, ఎముక అతుక్కుంది, నడక మాత్రం రాలేదు. వారానికోసారి వ్యాయామాలు చేయించే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఇంట్లో రోజూ పూటకింత నడిపించాలి. ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజున అందరూ కూర్చుని పంచుకున్నారు. ఉదయం పనులు కింద వాటాలో ఉండే పెద్దకోడలివి, ఆమె డ్యూటీకి వెళ్ళేలోగా. ఆమె తిరిగొచ్చేదాకా మధ్యాహ్నం పనులు పైవాటాలో ఉండే చిన్నకోడలివి. కొడుకుల వంతుకి కారు వచ్చింది.

మొదటి రెండు నెలలూ బాగానే గడిచాయి. ఆ తర్వాత పెద్దకోడలు డ్యూటీ నుంచి వచ్చేసరికి మధ్యాహ్నం మాత్ర డబ్బాలోనే ఉండేది. దుప్పటి తడిసి ఉండేది. నడిచారా అత్తయ్యా అని అడిగితే, “ఎక్కడ నడిపించిందమ్మా, చూసి వెళ్ళిపోయింది” అనేది అత్తగారు. పెద్దకోడలు మాత్ర వేసి, దుప్పటి మార్చి, అత్తగారి చంకల కింద చేతులు వేసి లేపి, గుమ్మం దాకా నడిపించి, మళ్ళీ పడుకోబెట్టేది. తర్వాత వంటింట్లోకి వెళ్ళేది. ఎవరితోనూ ఏమీ అనలేదు. అంటే గొడవ, గొడవైతే మళ్ళీ దాన్ని సర్దేది కూడా తనే. అంత ఓపిక ఆమెకి లేదు.

రేపు తనకి దుకాణంలో సరుకు దిగుతుందని మరిది చెప్పాడు. తనకి ఆఫీసులో లెక్కల తనిఖీ ఉందని పెద్దకొడుకు చెప్పాడు. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఆమె మొహం చూశారు.

“డ్యూటీ దిగి నేనే తీసుకెళ్తాలెండి,” అంది ఆమె.

మరిది కారు తాళాలు బల్లమీద పెట్టి పైకి వెళ్ళిపోయాడు. పెద్దకొడుకు పేపరు మడిచాడు. కొన్ని వారాలుగా నోట్లో నానుతున్న మాట ఆ పూట బయటికి తీశాడు. కోపంగా కాదు, జాలిగానే అన్నాడు.

“చూడు, నువ్వు నలిగిపోతున్నావు. ఇన్నేళ్ళు చేశావు, చాల్లే. ఉద్యోగం మానేస్తే నీకూ విశ్రాంతి, అమ్మకీ బాగుంటుంది. ఆదివారం అందరం అమ్మ దగ్గర కూర్చుందాం. అప్పటికి ఏ సంగతీ చెప్పు.”

ఆమె ఆరిన దుప్పట్లు మడతపెడుతోంది. మానేస్తే ఎలా ఉంటుందో ఊహించబోయింది. తెల్లవారకముందే లేవక్కర్లేదు అనేదొక్కటే తోచింది. అది కూడా నిజం కాదు, అత్తగారు ఎలాగూ లేపుతుంది. అయినా ఆ మాట చల్లటి గచ్చులా అనిపించింది. పడుకోవాలనిపించింది.

“సరే, ఆదివారం చెప్తాను,” అంది.

---

విమానాశ్రయంలో ఆమెది చక్రాల పని. నిలిచి ఉన్న విమానాల దగ్గరికి వెళ్ళి టైర్లు చూడటం, అరిగినవి ఊడదీయించడం, షెడ్డులో కొత్త టైర్లు ఎక్కించి నైట్రోజన్ నింపడం. చేరిన కొత్తలో, ఆడమనిషి చక్రాలేం ఎత్తుతుందని వెనక అనుకునేవారు. చక్రాన్ని ఎవరూ ఎత్తరని, దొర్లిస్తారని, ఎత్తడానికి యంత్రముందని ఆమెకి త్వరగానే తెలిసింది. అనుకున్నవాళ్ళు కూడా ఎత్తలేదు. తర్వాత ఆ మాట ఎవరికీ గుర్తులేదు.

ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. టైరుకి మీటరు పెట్టి చూసిన అంకెని ముందు పైకి చదవాలి. పక్కనున్న మనిషి దాన్ని తిరిగి చెప్పాలి. ఆ తర్వాతే గొట్టం తగిలించాలి. పక్కన ఎవరూ లేకపోయినా పైకి చదవాల్సిందే. ఇది పెట్టింది షెడ్డు పెద్దాయన. మీటరు చేతిలోకి తీసుకోగానే గోటితో రెండుసార్లు కొట్టి చూసే అలవాటుండటం వల్ల అందరూ ఆయన్ని ఆ మీటరు పేరుతోనే గేజీ అంటారు, ఎదురుగా మాత్రం సార్ అంటారు. కొత్తవాళ్ళు గాలితో మాట్లాడటానికి సిగ్గుపడేవారు. విమానం కింద ఒంటరిగా నిలబడి అంకెలు చదువుతుంటే పిచ్చివాళ్ళలా ఉంటుందని ఒకడు నవ్వితే, “పిచ్చివాడిలా ఉన్నా పరవాలేదు, పైవాళ్ళు క్షేమంగా దిగితే చాలు,” అన్నాడట గేజీ, విమానం కిటికీలు చూపించి.

మర్నాడు, శనివారం ఉదయం ఆమె మొదటి విమానం దగ్గరికి వెళ్ళింది. చిన్న విమానం, ఒక్కో కాలికి రెండేసి చక్రాలు. రాత్రంతా నిలబడి ఉంది కాబట్టి టైర్లు చల్లగా ఉన్నాయి, చూడటానికి అదే సరైన సమయం. అయినా ఆమె అలవాటు ప్రకారం ముందువైపు నుంచే వెళ్ళింది. అప్పుడే దిగి, బ్రేకులు కాగి ఉన్న చక్రం పగిలిందంటే ముక్కలు పక్కలకే ఎగురుతాయి. అందుకే చక్రానికి పక్కగా ఎవరూ వెళ్ళరు. చల్లగా ఉన్నప్పుడు కూడా ఆమె కాళ్ళు ఆ దారినే వెళ్తాయి.

గాడులు చూసింది. కోతలేమీ లేవు. వంగి, వాల్వు మూత తీసి, మీటరు పెట్టింది.

ఎడమకాలి బయటి చక్రం. అంకె చూసి ఒక్క క్షణం ఆగింది. మీటరు తీసి మళ్ళీ పెట్టింది. అదే అంకె. ఉండాల్సినదాని కంటే నాలుగో వంతు తక్కువ.

ఈ చక్రాన్ని నిన్న కూడా చూసింది తనే.

నిన్న తెల్లవారుజామున అత్తగారి దుప్పటి రెండుసార్లు మార్చింది. తడి జుట్టు అలాగే ముడేసుకుని, ఖాళీ కడుపుతో వచ్చింది. జతగా ఉండే మనిషి సెలవు. మీటరు పెడితే ఇదే చక్రం కొంత తగ్గి ఉంది. ప్రమాదమేమీ కాదు, కానీ రాసిపెట్టి, కనిపెట్టుకుని ఉండాల్సినంత తగ్గుదల. ఆమె పైకి చదవలేదు. మనసులో చూసుకుంది, గొట్టం తగిలించింది, నింపింది, నిండిన అంకె రాసింది. తగ్గిందని ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. చెప్తే ఎందుకు తగ్గిందో చూడాలి, సబ్బునీళ్ళు తెచ్చి బుడగలు వస్తున్నాయేమో చూడాలి, మనిషిని పిలవాలి. నింపేస్తే అయిపోతుంది. ఆ విమానం నిన్న రోజంతా ఎగిరి దిగింది. ఏ వేళకి ఎంత గాలితో దిగిందో ఎవరికీ తెలియదు.

“ఏంటమ్మా, అయిందా?” అని వెనక నుంచి గొంతు వినిపించింది. విమానాల్ని వేళకి పంపే ఉద్యోగి. ఎవరితో మాట్లాడినా తన చేతి గడియారం వాళ్ళ మొహం ముందు పెడతాడని అతన్ని గడియారం అనే పిలుస్తారు. ప్రయాణికుల బస్సు బయల్దేరిందని చెప్పి, ఆమె మొహం ముందు కూడా పెట్టాడు.

గొట్టం బండి పక్కనే ఉంది. తగిలిస్తే రెండు నిమిషాల పని. ఆ విమానం మధ్యాహ్నానికి తిరిగొస్తుంది. అప్పుడు తీరిగ్గా చూడొచ్చు. నిన్న కూడా ఆమె సరిగ్గా ఇలాగే అనుకుంది.

ఆమె లేచి నిలబడి అంకెని పైకి చదివింది.

అంత గట్టిగా చదివానని ఆమెకి తెలియలేదు. కుడివైపు చక్రం దగ్గర వంగి ఉన్న జతమనిషి తలెత్తి, తిరిగి చెప్పబోయి, ఆగి, “ఎంత?” అన్నాడు. ఆమె మళ్ళీ చదివింది. గడియారం చేయి నెమ్మదిగా కిందికి దిగింది.

గేజీ షెడ్డులోంచి నడుచుకుంటూ వచ్చాడు. ఎప్పుడూ పరిగెత్తడు. మీటరు తీసుకుని గోటితో కొట్టి, తనే పెట్టి చూశాడు.

“నిన్న?” అన్నాడు.

“నిన్న కూడా తగ్గింది సార్. నింపాను. చెప్పలేదు.”

ఆయన అదే కాలి లోపలి చక్రాన్ని చూశాడు. దానికి మీటరు పెట్టి, అంకెని పైకి చదివాడు. నిండుగా ఉంది. గాడులు బాగున్నాయి. కిందటి నెలలో ఎక్కించిన టైరు, నల్లగా నిగనిగలాడుతోంది.

“రెండూ తీసెయ్యండి,” అన్నాడు.

గడియారం బతిమాలాడు. తగ్గినదాన్ని మార్చండి, కాదనను, బాగున్నదాన్ని ఎందుకు విప్పడం, ఇంకో అరగంట పోతుంది కదా అన్నాడు. బస్సులో పసిపిల్లలున్నారన్నాడు. పసిపిల్లలున్నారనే రెండూ తీస్తున్నామని గేజీ చెప్పాడు. ఇంతకంటే వాదన జరగలేదు. జాకీ వచ్చింది. చక్రాల్లో గాలి పూర్తిగా తీసేశాకే బోల్టు మీద పానా వేశారు. గాలి ఉండగా బోల్టు వదులు చేసినవాళ్ళ సంగతులు ఆ షెడ్డులో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పుకోరు.

మారుచక్రాలు వేసుకుని విమానం ఆలస్యంగా వెళ్ళిపోయింది. ఆమె ఊడదీసిన రెండింటినీ షెడ్డులోకి దొర్లించింది.

గాలి తక్కువైన చక్రాన్ని ముందు విప్పారు. రెండు సగాలుగా ఉండే చక్రం అది, సగాల మధ్య ఒక రబ్బరు రింగు ఉంటుంది. రింగు మీద ఒకచోట గిల్లినట్టు చిన్న గాటు, ఆ గాటులో ఒక ఇసుక రేణువు. అంతే. ఐదు నెలల పసివాడి గోరంత కూడా లేదు. టైరు లోపల పక్కగోడలు నలిగి మడతలు పడ్డాయి. అది ఊహించిందే.

రెండోదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. విప్పి బల్లమీద పెట్టి జతమనిషి టీకి వెళ్ళాడు. ఆమె అలవాటుగా లోపల చెయ్యి పెట్టి చుట్టూ తడిమింది. నున్నగా ఉంది. నున్నగా ఉంది. ఒకచోట చెయ్యి ఆగింది. తడిసి ఆరిన పుస్తకం అట్టలా పొర కింద ఉబ్బు. దీపం దగ్గరికి లాక్కుని చూసింది. కంటికి సరిగా ఆనడం లేదు, వేలికి మాత్రం తెలుస్తోంది.

“సార్,” అని పిలిచింది.

గేజీ వేలుపెట్టి చూశాడు. ఆశ్చర్యపోలేదు. “ఇది ఇలాగే ఉంటుందని విప్పించాను. తగ్గింది ఊరికే కూర్చుంటుంది. అది మోయాల్సిందంతా పక్కది మోస్తుంది. బయటికి కనబడదు, పగిలేదాకా,” అన్నాడు. సుద్దముక్క తీసుకుని దాని మీద పెద్ద అడ్డగీత గీశాడు. పారెయ్యడానికని గుర్తు.

ఆ పూట ఇంకో చక్రానికి గాలి నింపే పని ఉంది. కొత్త టైరు బిగించిన చక్రాన్ని ఇనుప బోనులోకి దొర్లించి, తలుపు గడియపెట్టి, దూరంగా నిలబడి నైట్రోజన్ వదలాలి. బోను ఎందుకంటే, పగిలితే బోనులోనే పగలాలి. సిలిండరులో ఒత్తిడి టైరు తట్టుకోగలిగే దానికి ఎన్నో రెట్లు ఎక్కువ, అందుకని మధ్యలో ఉన్న మర మీద ఎప్పుడూ చెయ్యి ఉండాలి. నిండాక ఒకరోజు పక్కన పెట్టాలి, కొత్త టైరు సాగి గాలి కొంత తగ్గుతుంది, మర్నాడు చూసి సరిచేయాలి. ఇదంతా ఆమె నిద్రలో కూడా చెప్పగలదు.

నిద్రలోనే చేస్తోందని గేజీ చెయ్యి తన చేతిమీద పడేదాకా ఆమెకి తెలియలేదు. సన్నటి బుస్సు శబ్దం వింటూ, కళ్ళు తెరిచే ఉంచి, ఎక్కడికో జారిపోయింది. ముల్లు ఆగాల్సిన గీత దాటి కొంచెం ముందుకెళ్ళింది. ఆయన మర తిప్పి ఆపాడు.

“పక్కకి రా,” అన్నాడు.

ఆమె పక్కకి వచ్చింది. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. స్టూలు చూపించి కూర్చోమన్నాడు. జరిగింది పైవాళ్ళకి చెప్పక తప్పదన్నాడు. వారం పాటు విమానాల దగ్గరికి రావద్దన్నాడు, షెడ్డులో కడిగే పని, తుడిచే పని చేసుకోమన్నాడు. ఆ తర్వాత ఎదురుగా నిలబెట్టి పరీక్ష పెట్టి చూస్తాను అన్నాడు. మానేద్దామనుకుంటున్నానని ఆ క్షణంలో చెప్పెయ్యడం ఎంతో సులువు. ఆమె నోరు తెరిచింది కూడా.

“నింపడం తప్పు కాదమ్మా,” అన్నాడు గేజీ, ఆమె ఏమీ అనకముందే. “నింపకపోతే ఏదీ ఎగరదు. చదవకుండా నింపావు చూడు, అదే తప్పు. నువ్వు రోజూ నింపుతూ పోతే అది బాగుందనే అనుకుంటారు అందరూ. దానిక్కూడా తెలియదు తను కారుతున్నట్టు.”

ఆమె నోరు మూసుకుంది.

---

ఇంటికి వచ్చాక అత్తగారి గదిలోకి వెళ్ళకుండా మెట్లెక్కింది. ఎందుకెక్కుతోందో తనకే స్పష్టంగా తెలియదు. పోట్లాడటానికైతే కాదు. ఐదు నెలల్లో ఒక్కసారి కూడా ఆ మెట్లెక్కి, ఏమైందని అడగలేదని మాత్రం సగం మెట్ల మీద తోచింది.

పైవాటా తలుపు దగ్గరగా వేసి ఉంది. చిన్నకోడలు ఇంట్లోనే స్కూలు యూనిఫారాలు కుడుతుంది. కుట్టుమిషను చుట్టూ నీలం గుడ్డ ముక్కలు, ఆ ముక్కల మధ్య గచ్చు మీద చిన్నకోడలు పడుకుని ఉంది. నిద్ర కాదు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

“అక్కా,” అని లేవబోయింది. “ఇప్పుడే కిందికి వద్దామనుకుంటున్నాను. మాత్ర...”

“మాత్ర సంగతి తర్వాత. నీకేమైంది?”

ఏమీ లేదంది. పెద్దకోడలు వెళ్ళకుండా ఆ గుడ్డ ముక్కల మధ్యే చతికిలబడింది. దగ్గర్నుంచి చూస్తే చిన్నకోడలి పెదాలు గచ్చు రంగులో ఉన్నాయి. కింది కనురెప్ప లాగి చూస్తే ఎరుపే లేదు.

అప్పుడు కొంచెం కొంచెంగా చెప్పింది. నెలకి సగం రోజులు రక్తం పోతోంది. మూడు నెలలైంది. లేస్తే కళ్ళు చీకట్లు. ఒకరోజు మధ్యాహ్నం అత్తయ్యని లేపి నిలబెడితే తనకి కళ్ళు తిరిగాయి. ఇద్దరూ మంచం మీదే పడ్డారు కాబట్టి సరిపోయింది. నేల మీద పడి ఉంటే ఆ తుంటి మళ్ళీ విరిగేది. ఆ రోజు నుంచి అత్తయ్యని లేపాలంటే భయంగా ఉంటోంది. అందుకే గుమ్మం దాకా వెళ్ళి చూసి వచ్చేస్తోంది. మొగుడికి చెబితే డాక్టరు దగ్గరికి వెళ్ళు అన్నాడట, తను ఎప్పుడు తీసుకెళ్తాడో అనలేదట.

“నాతో చెప్పొచ్చు కదమ్మా,” అంది పెద్దకోడలు.

“మీతో ఏం చెప్పను అక్కా? చెబితే నా పని కూడా మీరే చేస్తారు.” చిన్నకోడలు ఒక గుడ్డ ముక్కని వేలికి చుడుతూ ఆగింది. “ఎలాగూ చేస్తూనే ఉన్నారు. సాయంత్రం వచ్చి చూస్తే దుప్పటి మారి ఉండేది, మాత్ర వేసి ఉండేది. మీరు ఒక్కరోజైనా ఏంటే ఇది అని అనలేదు. అని ఉంటే ఆ కోపంలోనైనా చెప్పేసేదాన్ని. మీరు నవ్వుతూ కనిపిస్తే, ఈవిడకి ఇదేం బరువు కాదు కాబోలు అనుకున్నాను.”

పెద్దకోడలికి తను ఎప్పుడు నవ్విందో గుర్తురాలేదు. అరచేతిని గచ్చుకి ఆనించింది. చల్లగా, నున్నగా ఉంది. తను కూడా పక్కన నడుం వాల్చింది. ఇద్దరూ పంకా వైపు చూస్తూ పడుకున్నారు. కింద నుంచి అత్తగారు పెద్దకోడల్ని పిలిచింది. కాసేపాగి చిన్నకోడల్ని పిలిచింది. ఇంకాసేపాగి, పలికేవాళ్ళెవరూ లేక, మనవరాల్ని పిలిచింది.

“వెళ్ళాలి,” అంది చిన్నకోడలు.

“వెళ్దాం. అమ్మాయి ఉందిగా. నువ్వు చెప్పులేసుకో, ముందు డాక్టరు దగ్గరికి వెళ్దాం.”

అత్తగారికి ఆ రోజు వ్యాయామం తప్పింది. వ్యాయామాల డాక్టరు దగ్గరికి కాక ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది కారు. రక్తం చాలా తక్కువుందని, ఇంకొన్ని పరీక్షలు చేయాలని, అప్పటిదాకా బరువులెత్తడం, మనుషుల్ని లేపడం వద్దని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. పక్కన కూర్చున్న పెద్దకోడల్ని చూసి, మీరు కూడా చూపించుకోండి, మీ మొహం కూడా బాగాలేదు అంది. తోడికోడళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఎందుకో ఇద్దరికీ నవ్వొచ్చింది. నీరసం నవ్వు, ఎక్కువసేపు నిలవలేదు.

---

ఆదివారం ఉదయం కాఫీల తర్వాత అందరూ అత్తగారి గదిలో చేరారు. అత్తగారు దిండ్లకి ఆనుకుని కూర్చుంది. నిన్న తన వ్యాయామం ఎగ్గొట్టి ఇద్దరు కోడళ్ళూ షికారుకి పోయారని ఉదయం నుంచి గోడలకి చెబుతోంది. అమ్మాయి నానమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. చిన్నకోడలికి కుర్చీ వేశారు. మామూలుగా నిలబడే మనిషి కుర్చీలో కూర్చుంటే మరిది కొంచెం వింతగా చూశాడు. నిన్న రాత్రి అతనికి ఏం చెప్పిందో, ఎంత చెప్పిందో గానీ, అతని మాటల్లో హుషారు లేదు.

“వదినా, కారు పొద్దున చూశాను. నాలుగు టైర్లూ కూర్చున్నట్టున్నాయి,” అన్నాడు మెల్లగా.

“ఇప్పుడు చల్లగా ఉన్నాయి, దగ్గర్లోనే బంకు. నెమ్మదిగా వెళ్ళి నింపించుకురా, తర్వాత,” అంది ఆమె.

పెద్దకొడుకు గొంతు సవరించుకున్నాడు. అమ్మ పరిస్థితి అందరికీ తెలిసిందేనని మొదలుపెట్టాడు. ఇంటిపట్టున ఒక మనిషి ఉండటం అవసరమని, తన భార్య ఇన్నేళ్ళూ కష్టపడిందని, ఇక విశ్రాంతి తీసుకునే వయసని, ఆమె కూడా ఆలోచించిందని అన్నాడు. బాగా తయారై వచ్చాడు. చివర్లో ఆమె వైపు తిరిగి, “చెప్పు” అన్నాడు.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. తడిగా లేవు.

“ముందు మొన్నటి సంగతి చెప్తాను,” అంది. “మొన్న పనిలో ఒక టైరు తగ్గి ఉంటే ఎవరికీ చెప్పకుండా నింపేశాను. నిన్న బోను దగ్గర నిలబడి నిద్రపోయాను. వారం పాటు నన్ను విమానాల దగ్గరికి రావద్దన్నారు. మంచిపనే చేశారు.”

పెద్దకొడుకు ఏదో అనబోయాడు. ఆమె అతనికేసి చూడలేదు.

“ఈ గదిలో కూడా అదే చేశాను. చాలా రోజులుగా మధ్యాహ్నం పనులు జరగడం లేదు. నేను వచ్చి చేసుకున్నాను, చెప్పలేదు. చెప్పి ఉంటే చిన్నదానికి ఒంట్లో బాగాలేదని ఎప్పుడో తెలిసేది. దాని ఒంట్లో రక్తం లేదు. అత్తయ్యని లేపబోయి ఒకసారి అత్తయ్యతో సహా పడింది.”

“పడ్డామురా,” అంది అత్తగారు ఉన్నట్టుండి. అందరూ అటు తిరిగారు. “మంచం మీదే పడ్డాంలే. ఎవరికీ చెప్పద్దని ఏడ్చింది. నేను చెప్పలేదు.” ఆ తర్వాత గోడవైపు చూస్తూ, “చెప్తే మళ్ళీ నన్ను ఎవరూ ముట్టుకోరేమోనని,” అంది.

అమ్మాయి నానమ్మ పాదం మీద చెయ్యి వేసింది.

పెద్దకొడుకు పేపరు కోసం అన్నట్టు చేత్తో పక్కన తడుముకున్నాడు. పేపరు లేదు. “సరే, చిన్నదానికి బాగాలేదు. తను మానెయ్యనీ. అందుకే కదా నేననేది, నువ్వు...”

“ఒకళ్ళు దిగితే బరువంతా రెండోవాళ్ళ మీద పడుతుందండీ. ఇన్నాళ్ళూ పడింది అదే.” ఆమె గొంతు పెరగలేదు. అలసిపోయిన మనిషి గొంతులాగే ఉంది, చదువుతున్నట్టు ఒక్కో మాటా విడివిడిగా వచ్చింది. “మేమిద్దరం ఈ పనిలోంచి దిగుతున్నాం. రేపటి నుంచి. చిన్నదానికి డాక్టరు సరే అనేదాకా, నాకు నిద్ర తీరేదాకా. ఉద్యోగం మానను. స్నానానికి ఒక నర్సమ్మతో మాట్లాడాను, రోజూ వస్తుంది. మిగతావి మీ అన్నదమ్ములు చూసుకోండి. ఎలా లేపాలో, ఎక్కడ పట్టుకోవాలో ఇవాళ చూపిస్తాను.”

మరిది తల వంచుకుని గచ్చు చూస్తున్నాడు. పెద్దకొడుకు తల్లివైపు చూశాడు, ఆవిడైనా వద్దంటుందేమోనని.

అత్తగారు ఇద్దరు కొడుకుల్నీ మార్చి మార్చి చూసింది. ఏ చేయి ఎంత గట్టిదో చూస్తున్నట్టు చూసింది.

“అయితే రేపు పొద్దున నన్ను లేపేదెవరమ్మా?” అని అడిగింది కోడల్ని.

“మీ పెద్దబ్బాయి అత్తయ్యా. మధ్యాహ్నం చిన్నబ్బాయి. మాత్ర వేశారో లేదో, నడిచారో లేదో మీరే రోజూ పైకి చెప్పండి, అందరికీ వినబడేలా.”